తడి గుడారం మడవరాదు

ఇంగ్లీషు దొరతనం మన దేశానికి ప్రసాదించిన వాటిలో రైలుబండి గొప్పదని కొందరు, తపాలా గొప్పదని కొందరు వాదిస్తుంటారు. ఇద్దరిదీ పొరపాటే. అన్నిటికన్నా గొప్పది కాంపు. కచేరీలో ఉన్న అధికారిని ప్రజలు వెతుక్కుంటూ వెళ్లాలి. కాంపులో ఉన్న అధికారి ప్రజలను వెతుక్కుంటూ వస్తాడు. ఇరువురూ ఒకరి కోసం ఒకరు బయలుదేరి ఎక్కడా తారసపడకుండా ఉండటాన్నే పరిపాలన అంటారు. ఇన్నేళ్లుగా ఈ ఏర్పాటు చెక్కుచెదరకుండా నడుస్తున్నదంటే దాని వెనుక ఎంత ఆలోచన ఉండి ఉండాలి!

యుద్ధం ఐదో ఏట పడింది. ఆ స్వాతి కార్తెలో మదనపల్లెలోని పంట భద్రతా ప్రబోధ శాఖ వారు ఒక కాంపును బయలుదేరదీశారు. మదనపల్లె నుంచి పుంగనూరు మీదుగా కుప్పం దాకా ఊరూరా ఉపన్యాసం. విషయం ఏమిటంటే, పెరికిన వేరుశనగను పొలంలో వదలరాదు, వానకు తడిసిన కాయ మొలకెత్తును, కావున తక్షణమే ఇంటికి చేర్చుకొనవలెను. (ఈ సంగతి రైతులకు తెలియదేమోనని మద్రాసులో ఎవరికో అనుమానం వచ్చింది. రైతులనే అడిగి అనుమానం తీర్చుకోవడం శాఖ మర్యాదకు భంగం.) వేసవిలో మంజూరైన ఉపన్యాసమే గాని, గుడారం మద్రాసు నుంచి వచ్చేసరికి వానలు పట్టుకున్నాయి. ఉపన్యసించేవారు స్పెషల్ ఆఫీసరు ముద్దుకృష్ణ గారు. శాఖకు లారీ ఉంది, పెట్రోలు లేదు. ఉన్న పెట్రోలంతా యుద్ధానికి వెళ్లిపోయింది. కనుక ఎవరిదో ఒక ఎద్దుల బండి పట్టాలి.

బండి పట్టడం మాటలు కాదు. కాంపు వస్తోందని గాలివార్త తగిలితే చాలు, ఆ చుట్టుపక్కల పల్లెల్లో బండ్ల చక్రాలు ఊడిపోతాయి. చక్రాలు గడ్డివాముల్లో దూరతాయి, ఇరుసులు అటకలెక్కుతాయి, బండి మాత్రం మొండెంలా వాకిట్లో పడి ఉంటుంది. తాలూకాలోని బండ్లన్నీ ఒకే వారంలో ఎలా విరుగుతున్నాయో విచారించడానికి పూర్వం ఒక ప్రత్యేక కాంపు వేశారు. దానికీ బండి దొరకలేదు.

ఆ గాలివార్త దాసప్పకు అందలేదు. అతనిది చింతమాకులపల్లె, మదనపల్లె నుంచి పుంగనూరు పోయే బాట పక్కనే ఉన్న ఊరు. గుత్తకు చేసుకుంటున్న చేలో వేరుశనగ పెరికి, చెట్లు తిరగేసి ఆరవేసి, గోనెసంచుల కోసం మదనపల్లె సంతకు బండి తోలుకొచ్చాడు. మాపటికి తిరిగొచ్చి చేనంతా బండికెత్తి ఇంటి పంచలోకి చేరుద్దామని భార్య చిన్నక్కతో చెప్పి వచ్చాడు. ఆ ఏటి తిండీ, గుడ్డా, చేనుగలాయన గుత్తా, వచ్చే ఏటి విత్తనమూ అన్నీ ఆ చేలోనే బోర్లా పడి ఉన్నాయి. పైన ఆకాశం మూసుకొస్తోంది.

కాంపు గుమాస్తా పాపయ్య సంత మొదట్లోనే కాచుకుని ఉన్నాడు. దాసప్ప ముఖం చూడలేదు, ఎద్దులను చూడలేదు. చక్రాలను చూశాడు.

"బండి నీదేనా అప్పా?"

"నాదే సామీ. సంచుల కోసరం వచ్చినాను. ఇప్పుడే పోవాల."

"పోదువులే. సర్కారు సామాను పుంగనూరుకు చేర్చల్ల. మీదే ఊరు?"

"చింతమాకులపల్లె."

"దావలోనే గదా ఉండాది. ఎట్లాగూ నువ్వు పొయ్యే దావేనప్పా."

"కాయ పెరికి ఏసిండాను సామీ. ఆ మబ్బు సూడండి. వాన పడిందంటే అంతా మొలకొచ్చేస్తాది."

పాపయ్య ముఖం వికసించింది. "సరిగ్గా ఆ ముక్క చెప్పేదానికే మేము పోతాండేది," అన్నాడు.

ఎదురు చెప్పడానికి దాసప్ప దగ్గర మాటలు లేకపోలేదు. కాని చక్రాల శీలలు అప్పటికే పాపయ్య చేతిసంచిలో ఉన్నాయి. కాంపుల్లో ఇది పాత ఆచారం. మజిలీ చేరగానే శీలలు సంచిలోకి, కదిలేటప్పుడు సంచిలోంచి బండికి. (శీల లేని బండిని తోలితే చక్రం ఒక దారి, బండి ఒక దారి పడతాయి. బండివాడు పారిపోతే పోనీ అనే ఉదారబుద్ధి ఈ ఆచారంలో ఇమిడి ఉంది.) గుడారం, మడత మంచం, మడత కుర్చీ, మడత బల్ల, ముఖం కడుక్కునే పింగాణీ బేసిను, కాయ మొలకెత్తితే ఎలా ఉంటుందో చూపే రంగుల పటం, వాటన్నిటి మీద ముద్దుకృష్ణ గారు బండెక్కారు. గుడారం వేసే ఖలాసీ ముక్తియార్ నడిచాడు. గొడుగు ఉంది కనుక పాపయ్య కూడా నడిచాడు.

ఊరు దాటి కొంత దూరం పోయారో లేదో వాన అందుకుంది. బాట పక్క మిట్ట మీద గుడారం వేశారు. తెల్లారి దాసప్ప ఎద్దులను కట్టబోతే ముక్తియార్ అడ్డం వచ్చాడు.

"యాల కడతావ్ దాసప్పా? కాంపు లేసేది లేదు. డేరా తడిసింది. తడి డేరా మడవకూడదంట. కాయిదా."

"ఎప్పుడు ఆర్తాది?"

"ఎండొస్తే." ముక్తియార్ ఆకాశం వైపు చూసి గడ్డం గోక్కున్నాడు. "క్యా కర్నా అప్పా, అల్లా దయ."

కాయిదా నిజమే. కాంపు సామగ్రి సంరక్షణ నిబంధనల్లో గుడారాల ప్రకరణం ఆ వాక్యంతోనే మొదలవుతుంది. తడి గుడారం మడవరాదు. అంతటితో ఆగి ఉంటే బాగుండేది. ప్రకటించిన తేదీకి కాంపు ప్రకటించిన ఊరిలో ఉండి తీరవలెనని అదే పుస్తకంలో మరో చోట ఉంది. పుంగనూరు తేదీ మరునాడే. కరవమంటే కప్పకు కోపం, విడవమంటే పాముకు కోపం. పాపయ్య పుస్తకం తిరగేస్తూ కూర్చున్నాడు. ముద్దుకృష్ణ గారు, వాన పడుతున్నదని డైరీలో రాయవచ్చునా అన్న మీమాంసలో పడ్డారు. వాన కొలిచే పాత్ర మదనపల్లెలో ఉంది. కొలవని వానను వాన అనడం బాధ్యత గల అధికారి చేయదగిన పని కాదు. చివరికి 'గాలిలో తేమ కొంత ఎక్కువ' అని రాశారు.

"నా బండినన్నా ఇడిసిపెట్టండి సామీ," అని దాసప్ప పాపయ్యను వేడుకున్నాడు.

"కాంపు లేసినప్పుడే బండ్లు ఇడిసేది అప్పా. నా చేతుల్లో ఏముండాది," అన్నాడు శీలలున్న సంచి చంకలో పెట్టుకుని పాపయ్య.

దాసప్పకు కళ్ల ముందు కదులుతున్నది ఒక్కటే, చేలో తడుస్తున్న చెట్లు. మామూలుగా అతడు పెద్దల ముందు నోరు తెరిచే మనిషి కాడు. ఆ ఉదయం ప్రాణం ఉగ్గబట్టలేక తెరిచాడు.

"సామీ, మడవకుండా పోతే?"

"ఎట్ల?"

"నా బండి గూడు పీకేస్తాను. డేరా గుంజ బండి నడిమిట్లో నిలబెట్టి, తాళ్లు పక్క కర్రలకు కడదాము. ఏసిన డేరా ఏసినట్టే పోతాది. మడిసినట్టు గాదు గదా."

పాపయ్య పుస్తకం మొదటి నుంచి చివరి దాకా తిప్పాడు. వేసిన గుడారం నడవరాదని ఎక్కడా లేదు. అది తనంతట తాను నడుస్తుందని రాసినవారు ఊహించి ఉండరు. ముద్దుకృష్ణ గారు దాసప్ప వీపు తట్టలేదు గాని, తట్టవచ్చునా అని ఆలోచించారు. దాసప్ప తన చేతులతో తన వెదురు గూడు పీకి మిట్ట మీద పడేసి, తన బండి మీద సర్కారు గుడారాన్ని నిలబెట్టాడు. కొందరు తమ గోతిని తామే తవ్వుకుంటారు. దాసప్ప గుంజ కూడా పాతుకున్నాడు.

ఆ విధంగా బయలుదేరిన సంచార గుడారం చూడముచ్చటగానే ఉంది. దాసప్ప ఎద్దులు పుంగనూరు పొట్టి జాతివి. గుడారపు అంచులు వాటి వీపుల దాకా దిగేసరికి, దూరాన్నుంచి చూసేవారికి ఎద్దులు కనబడవు, ఒక గుడారమే బురదలో పాక్కుంటూ వస్తున్నట్టుంటుంది. లోపల మంచం, మంచం పక్కన బల్ల, బల్ల మీద బేసిను. ముద్దుకృష్ణ గారు పడుకుని ప్రయాణిస్తూ, ఊరు రాగానే తెర తొలగించి తల బయట పెట్టి ఉపన్యసించి, తెర వేసుకుని పడుకునేవారు. ఇంత సుఖమైన కాంపు తమ ఉద్యోగంలో ఎరుగమన్నారు. ఒక ఊళ్లో నాగరత్నమ్మ అనే ముసలావిడ దేవర ఊరేగింపు అనుకుని ఎదురొచ్చి టెంకాయ కొట్టింది. తెరలోంచి వచ్చిన తల మొలకల గురించి మాట్లాడేసరికి, ఏదో విత్తనాల దేవుడు కాబోలని మరో టెంకాయ తెచ్చింది. (డైరీలో ఇది 'ప్రజల స్పందన సంతృప్తికరం' అని చేరింది.)

కష్టాలూ లేకపోలేదు. ఎదురుగాలి వీస్తే గుడారం పొట్ట ఉబ్బించుకుని బండిని వెనక్కి లాగేది. ఎద్దులు ముందుకు, సర్కారు వెనక్కి. చింతకొమ్మలు అడ్డొచ్చిన చోటల్లా ముక్తియార్ చెట్టెక్కేవాడు. గుడ్డ సాగి నడుమ నీళ్లు నిలిస్తే కర్రతో పొడిచేవాడు. ఎటు వైపు పొడిచినా నీళ్లు ఆఫీసరు గారి మంచం మీదే పడేవి. గాలిలో తేమ మంచం దాకా వచ్చిందని రాసుకోక తప్పలేదు.

చింతమాకులపల్లె దగ్గర దాసప్ప చెప్పకుండానే బండి ఆపాడు. బాట మీంచే చేను కనబడుతోంది. చిన్నక్క గోనెసంచి కప్పుకుని గట్టు మీద నిలబడి ఉంది. తాటాకులూ వరిగడ్డీ ఊరంతా అడుక్కొచ్చి చెట్ల కుప్ప మీద కప్పింది. సగమే కప్పగలిగింది.

"ఏం మామా, మాపటికి వస్తానంటివి. ఇదేంది, డేరా కట్టుకోనొస్తాండావు?"

"సర్కారు పని."

"మన పనో?"

దాసప్ప పాపయ్య వైపు తిరిగాడు. "ఇంగ నా బండి ఇడిసిపెట్టండి సామీ."

"ఏ బండి?"

"నా బండి సామీ, ఇదే."

"ఇది బండి యాడుండాదప్పా? గుడారం ఉండాది. గుడారానికి నేల ఉండాది. ఆ నేలకు చక్రాలుండాయి, అది వేరే సంగతి. బండ్లు ఇడిసిపెట్టేదానికి కాయిదా ఉండాది గాని, నేల ఇడిసిపెట్టేదానికి యాడుండాది? కింద నేల తీసేస్తే గుడారం పడతాది. పడితే మడిసినట్టు. తడి గుడారం..." మిగతా వాక్యం దాసప్పకు వచ్చు.

చిన్నక్క గుడారం ముందుకొచ్చి నిలబడింది. తెర తొలగి తల బయటికొచ్చింది.

"సామీ, ఒక్క పూట. చేను ఆ కనపడేదే. కాయ ఇంట్లో ఏసుకొని, బండి మళ్లా మీ ఎనకాలే పంపిస్తాను."

"ఊళ్లో వేరే బండ్లు లేవా అమ్మా?"

"ఉండాయి సామీ. చక్రాలు లేవు. మీరు ఈ సుట్టుపక్కల ఉండేదాకా రావు."

ఈ ప్రాంతపు బాటలు సరిగా లేనందువల్ల చక్రాలు నిలవడం లేదని ముద్దుకృష్ణ గారు రాసుకున్నారు.

"సరే, బండి వద్దు. ఆ డేరా గుడ్డన్నా ఇయ్యండి, కాయ మీద కప్పుకుంటాను. ఎట్లాగూ తడిసిందే గదా, ఇంగ తడిసేదేముండాది?"

ముద్దుకృష్ణ గారు నొచ్చుకున్నారు. మంచి మనిషి. అర్థమయ్యేలా చెప్పాలని చూశారు. "అమ్మా, ఈ గుడారం కాయను కప్పుకోవాలని చెప్పడానికి వచ్చింది. కప్పడానికి రాలేదు. ఇది నీ కాయ మీద కప్పితే మిగతా ఊళ్లకు ఎవరు చెబుతారు? నీ ఒక్కదాని కాయేనా దేశంలో?"

అమ్మ పెట్టా పెట్టదు, అడుక్కు తినా తిననివ్వదు. పైగా వారు ఆ చోటనే ఉపన్యాసం కూడా పూర్తి చేశారు. పెరికిన కాయను పొలంలో వదలరాదన్నారు. పటం విప్పి చూపించారు. శ్రోతలు చిన్నక్క, దాసప్ప, బాట దాటుతున్న రెండు బర్రెలు.

"నేను ఇడిసిపెట్టలేదు సామీ," అంది చిన్నక్క. "కాయ ఆడనే ఉండాది. మోసే బండిని మీరు పట్టుకపోతాండారు."

'సభికులు ప్రశ్నలడిగి సందేహాలు తీర్చుకున్నారు' అని పాపయ్య రాశాడు. బండి కదిలింది. దాసప్ప వెనక్కి తిరిగి చూడలేదు. చూసే ధైర్యం లేకపోయింది. అతనికి సర్కారు మీద కన్నా తన నోటి మీదే ఎక్కువ మంటగా ఉంది. ఆ మిట్ట మీద నోరు మూసుకుని కూర్చుని ఉంటే, ఎవడో మరొకడు ఏదో మరొక తెలివితక్కువ ఉపాయం చెప్పి ఉండేవాడు.

పుంగనూరులో ఎండ కాసింది. అంత ఎండ కార్తీకంలో ఎవరూ చూసి ఎరుగరు. దాసప్పకు ప్రాణం లేచి వచ్చింది. పొద్దు పైకెక్కేకొద్దీ ముక్తియార్, అతనూ గుడారం చుట్టూ తిరుగుతూ గుడ్డను తడిమి చూసుకున్నారు. అంచులు ఆరాయి. మధ్యలో కొద్దిగా చెమ్మ ఉంది. ఆరితే మడవాలి, మడిస్తే కాంపు లేచినట్టు, లేస్తే బండి తనది. ఆ ఎండలో చేనికి చేరితే కాయ పాడు కాకుండా ఇంటికెత్తుకోవచ్చు.

"మాపటికి మడిసేస్తాము, ఇంటికి పోదువు," అని ముక్తియార్ ధైర్యం చెప్పాడు.

అప్పుడే పాపయ్య తంతి పట్టుకుని వచ్చాడు. ముద్దుకృష్ణ గారు సంచార గుడారాన్ని గురించి, దానిని తాము కనిపెట్టిన విధానాన్ని గురించి పుంగనూరు చేరగానే మద్రాసుకు తంతి కొట్టి ఉన్నారు. పైవారు మెచ్చుకున్నారు. రైలులో కుప్పం మీదుగా పోతూ ఆ గుడారాన్ని స్వయంగా చూస్తామన్నారు. కనుక గుడారం ఈ ఆకారంలోనే కుప్పం చేరాలి. కాని అది ఆరిపోతున్నది. ఆరిన గుడారాన్ని మడవకుండా ఉంచడానికి నిబంధన ఒప్పుకోదు. పాపయ్య రెండు వైపులా ఆలోచించి, నిబంధనకు భంగం రాని మార్గం చూశాడు.

"దాసప్పా, బావిలో నాలుగు బిందెలు నీళ్లు తోడుకోని రాప్పా."

"తాగేదానికా సామీ?"

"డేరా మీద పోసేదానికి."

దాసప్ప వెళ్లి తోడుకొచ్చాడు. ముక్తియార్ నిచ్చెన ఎక్కి పోస్తూ ఒక్కసారి కూడా అతని ముఖం వైపు చూడలేదు. కుప్పం దాకా ప్రతి మజిలీలో ఎండ కాసినప్పుడల్లా ఈ కార్యక్రమం జరిగింది. పలమనేరు దాటిన తర్వాత వానే ఆ బాధ్యత తీసుకుంది. దాసప్పకు ఆ పని తప్పినందుకు సంతోషించాలో, అదే వాన చింతమాకులపల్లెలోనూ పడుతున్నందుకు ఏడవాలో తెలియలేదు. ఏడవలేదు. బండి తోలేవాడు బాట చూడాలి.

కుప్పం స్టేషనులో పైవారి రైలు ఆగింది. వాన జోరుగా ఉన్నందున వారు దిగలేదు. కిటికీ అద్దంలోంచే చూశారు. అద్దానికి ఆవిరి పట్టి ఉన్నందున ఏమి చూశారో తెలియదు గాని, తల ఊపారు. గుడారాన్ని మద్రాసులో ప్రదర్శనకు పెట్టాలని ఉత్తరువైంది. తడిగా ఉన్నందున మడవరాదు కనుక, పై కప్పు లేని గూడ్సు పెట్టెలో నిలబెట్టి పంపారు. ఆ పెట్టెకు సొంత నేల ఉండటం వల్ల దాసప్ప బండి అవసరం లేకపోయింది. పాపయ్య శీలలు తిరిగి ఇచ్చాడు. ముక్తియార్ మాత్రం తన తువ్వాలు తీసి అతని తల మీద వేసి, "పో అప్పా, తొందరగా పో," అన్నాడు.

గూడు లేని బండిలో, ఎద్దులకు విశ్రాంతి కూడా ఇవ్వకుండా దాసప్ప ఇల్లు చేరాడు. చేలో కుప్ప పచ్చగా ఉంది. తొలకరికి విత్తినప్పుడు కూడా అంత ఒత్తుగా మొలవలేదు. చిన్నక్క గట్టు మీద కూర్చుని ఉంది. లేవలేదు.

"నెత్తిన మోసినంత మోసినా మామా. రెండు సంచులైనాయి. మిగిలిందంతా అదో."

దాసప్ప ఆమె పక్కన కూలబడ్డాడు. కడుపు మండిపోతున్న మనిషికి ఎవరిని తిట్టాలో తెలిసినా కొంత చల్లబడుతుంది. అతనికి దొరికినది ఒక గుడారం, ఒక పుస్తకం, ఒక వాన.

వారం గడిచాక మద్రాసులో సన్మానం ముగించుకుని ముద్దుకృష్ణ గారు పాపయ్యతో కలిసి బొగ్గుతో నడిచే బస్సులో మదనపల్లెకు తిరిగి వస్తున్నారు. చింతమాకులపల్లె దగ్గర బస్సులో నిప్పు చల్లారింది. డ్రైవరు దాన్ని మళ్లీ రాజేస్తూ ఉండగా వారు కాళ్లు చాచుకోవడానికి దిగి, బాట పక్కన పచ్చటి కుప్పను చూసి ఆగిపోయారు. తమ రంగుల పటంలో ఉన్నది ఉన్నట్టుగా ఉంది. ఇంత చక్కటి నమూనా దొరకడం అదృష్టమనుకున్నారు.

"ఈ చేను ఎవరిది?" అన్నారు.

దాసప్ప గట్టు మీంచి లేచి వచ్చి చేతులు కట్టుకున్నాడు. వారు గుర్తుపట్టారు. కోపం రాలేదు, బాధ కలిగింది.

"నువ్వటోయ్? మదనపల్లె నుంచి కుప్పం దాకా నేనిచ్చిన ప్రతి ఉపన్యాసమూ విన్నవాడివి ఈ జిల్లాలో నువ్వొక్కడివే గదా! విన్నావా లేదా?"

"విన్నాను సామీ."

"మరి కాయను పొలంలో ఎందుకు వదిలేశావు?"

"ఇనేదానికి మీ ఎంట వచ్చుంటిని సామీ."

ముద్దుకృష్ణ గారు పాపయ్య వైపు తిరిగారు. "రాసుకో. ఈ ప్రాంతపు రైతుకు ఒక్క విడత కాంపు చాలదు."